పిట్ట ముట్టిన మాట

దాదాజీ కన్నుమూసిన వార్త దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీకి చేరిన పావుగంటలోపే సంతాప నిర్వహణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కోశాధికారి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. పూలదండలు పడ్డాయి, ఫొటోలు దిగారు. ఆ తర్వాత సభ్యులందరూ తీరిక చేసుకుని ఏడ్చారు.

ఈ క్రమశిక్షణను ఉల్లంఘించినవాడు ఒకే ఒక్కడు, పాల వ్యాపారి రామ్‌చందర్. అతను సంఘం ఏర్పడకముందే ఏడ్చేశాడు. కొట్టంలో పాలు పిండుతూ పక్కింటి టీవీలో వార్త విని, చెంబు కింద పెట్టి, బర్రె పొట్టకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే ఎవరినీ అడగకుండా మంగలి దుకాణానికి పోయి గుండు చేయించుకున్నాడు. అనుమతి లేకుండా దుఃఖపడితే ఏమవుతుందో అప్పటికి అతనికి తెలియదు.

దాదాజీ ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ఆయన పూర్తి పేరు ఇప్పుడు తపాలా బిళ్ల మీద ఉంది. దేశాన్ని ఏలినా ఇల్లు కట్టుకోలేదు, పెళ్లి చేసుకోలేదు. ఏ ఊరు వెళ్లినా కారు దిగి గల్లీల్లో నడిచేవారు. ఎదురైన మనిషి భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర ఒక చిన్న మాట చెప్పేవారు. పెద్ద మాటలు మైకులో చెప్పడానికి దేశంలో చాలామంది ఉన్నారు గనుక, చిన్న మాట చెవిలో చెప్పే మనిషంటే జనానికి ప్రాణం.

చాలా ఏళ్ల కింద అలాగే ఈ గల్లీకీ వచ్చారు. రామ్‌చందర్ కొట్టం ముందు ఆగి దాహం అన్నారు. అమ్మకానికి సిద్ధంగా ఉన్న క్యాన్‌లోంచి రుక్మాబాయి, అంటే రామ్‌చందర్ భార్య, గ్లాసుడు పాలు తీసి ఇచ్చింది. ఆయన తాగి, మీసం తుడుచుకుని, రామ్‌చందర్ చెవిలో ఒక మాట చెప్పి వెళ్లిపోయారు. ఏమన్నారు ఏమన్నారని గల్లీ అంతా మీద పడితే, "గిసుంటి పాలు దేశంల ఏడ తాగలేదన్నడు" అని రామ్‌చందర్ చెప్పాడు. ఆ వారమే పాల ధర పెరిగింది. దేశంలో మరెక్కడా దొరకని పాలు కాబట్టి ఎవరూ గొణగలేదు.

దాదాజీ నిజానికి అన్న మాట ఇది: "బేటా, పానీ జరా కమ్ మిలావ్." నీళ్లు కాస్త తక్కువ కలపమని. ఈ సంగతి ముగ్గురికే తెలుసు. వారిలో ఒకరు ఇప్పుడు లేరు.

ఆ రోజు రామ్‌చందర్ సిగ్గుపడ్డాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆయన కోప్పడలేదు, నలుగురిలో అనలేదు, కన్నకొడుకుకు చెప్పినట్టు చెప్పి పోయారు. రేపటినుంచి చుక్క నీళ్లు కలపనని ఆ రాత్రి ఒట్టు వేసుకున్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. బర్రె పొట్టకు నుదురు ఆనించి ఏడ్చిన ఏడుపులో సగం ఆయన పోయినందుకు, సగం ఆ రేపు ఇక వచ్చినా ఆయన చూడరని.

చిన్న మాట అందుకున్నవాడు ఆ గల్లీలో రామ్‌చందర్ ఒక్కడే కాదు. కేబుల్ కనెక్షన్ల వ్యాపారం నుంచి ప్రజాసేవలోకి వచ్చిన బాలరాజ్, ఇప్పటి సంతాప సంఘ అధ్యక్షుడు, ఆ రోజు దాదాజీ మూతలేని మురుగు మోరీ దాటబోయి తూలితే చెయ్యి పట్టుకున్నాడు. "దీనిమీద మూత వేయించు నాయనా" అని ఆయన హిందీలో అన్నారు. "ఈ ప్రాంత భవిష్యత్తు నీ చేతుల్లో ఉంది" అని బాలరాజ్ దాన్ని తెలుగు చేసుకున్నాడు. మోరీ ఇప్పటికీ తెరిచే ఉంది. సంతాప సందర్భంగా అచ్చు వేయించిన ఫ్లెక్సీల్లో ఒకటి గోడలమీద చోటు చాలక మిగిలిపోతే దాన్ని మోరీ మీద పరిచారు. చిరునవ్వుతో చేతులు జోడించిన దాదాజీ ఆ విధంగా తన కోరిక తానే తీర్చుకున్నారు.

గల్లీ మొగలో చాయ్ హోటల్ పెట్టుకున్న జహంగీర్ భాయ్‌తోనూ ఆయన ఒక మాట అన్నారు, హోటల్ బయట ఒక మంచినీళ్ల కుండ పెట్టమని. జహంగీర్ భాయ్ పెట్టాడు. అందువల్ల చెప్పుకోవడానికి అతని దగ్గర కథేమీ లేకుండా పోయింది. వార్త తెలిసిన రోజున అతను షట్టర్ సగం దించి, నమాజులో దాదాజీ కోసం దువా చేసి, సాయంత్రం వచ్చినవారందరికీ ఊరికే చాయ్ పోశాడు. అంతటితో అతని సంతాపం ముగిసింది. సంఘం దీన్ని లోతులేని దుఃఖంగా పరిగణించింది.

సంఘం దుఃఖం అలాంటిది కాదు. దాని మొదటి సమావేశంలోనే చితాభస్మం సమస్య వచ్చింది. జిల్లాకో కలశం ఇస్తున్నారు తప్ప గల్లీకో కలశం ఇవ్వడం లేదని తేలింది. అప్పుడు బాలరాజ్‌కు దాదాజీ పాలు తాగిన గ్లాసు గుర్తొచ్చింది. దాన్ని అస్థికలతో సమానంగా భావించవచ్చా అని శ్రీపాద శర్మగారిని అడిగారు. శ్రీపాద వారిది తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం. పగలు ఆఫీసు ఉద్యోగం, పొద్దునా సాయంత్రం అర్చకత్వం. ఎవరి మనసూ నొప్పించని విద్వాంసుడు.

"శాస్త్రంలో ఇలా ఉందని చెప్పలేను," అన్నారు శ్రీపాద. "వద్దని కూడా ఎక్కడా లేదు."

గ్లాసు కోసం రుక్మాబాయిని అడిగితే, ఒకే రకం స్టీలు గ్లాసులు బుట్టెడు తెచ్చి ముందు పోసింది. "వీట్ల ఏదో ఒకటి. నాకేం ఎరుక? రోజూ పాలు కొలుస్తం గద" అంది. సంఘం చాలాసేపు పరిశీలించి, అన్నిటిలోకి కొంచెం వినయంగా వంగినట్టున్న సొట్ట గ్లాసును గుర్తుపట్టింది. దానికి పట్టుగుడ్డ చుట్టి, దండ వేసి, చార్మినార్ దాకా ఊరేగించి తెచ్చారు.

రెండో సమస్య కొడుకు. దాదాజీకి సంతానం లేదు. పదో రోజు పిట్టకు పెట్టాలంటే కర్త కావాలి. తనను కొడుకుగా స్వీకరించమని బాలరాజ్ గద్గద స్వరంతో కోరాడు, అందరూ చప్పట్లు కొట్టారు. కొడుకైతే గుండు చేయించుకోవాలని శ్రీపాద గుర్తుచేశారు. బాలరాజ్ నెత్తిమీద జుట్టు నిరుడే ఆస్పత్రిలో వరుసలు వరుసలుగా నాటించుకున్నది. అతను కాసేపు తలమీద చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. తర్వాత అతని చూపు వెనక బెంచీమీద నున్నగా మెరుస్తున్న రామ్‌చందర్ గుండుమీద పడింది.

"త్యాగానికి మారుపేరు మన రామన్న! ఎవరూ చెప్పకముందే శిరోముండనం చేయించుకున్న ఈ మహనీయుడే దాదాజీ అసలైన వారసుడు" అని ప్రకటించాడు.

నిజం చెప్పాలి. రామ్‌చందర్‌కు సంతోషమే కలిగింది. పొద్దున్నుంచి రాత్రి దాకా పేడ ఎత్తే మనిషికి, దాదాజీ ఫొటో పక్కన తన ఫొటో ఉన్న ఫ్లెక్సీ స్టేషన్ గోడమీద కనబడితే ఎలా ఉంటుందో మీకూ తెలుసు. రుక్మాబాయి మాత్రం ఆ ఫ్లెక్సీని ఎగాదిగా చూసింది.

"పెండ్లయిన ఇన్నేండ్లకు కొత్త మామ దొరికిండు. ఒక్క చీరన్న పెట్టకపాయె" అంది.

"నీకు అన్నీ నవ్వులాటనే."

"నవ్వులాట కాదయ్యా. కొడుకంటే ఆస్తి వస్తది, లేకుంటే అప్పు వస్తది. ఆయనకు ఆస్తి లేదు."

పదో రోజు వచ్చింది. దాదాజీ పాదం మోపిన స్థలం కాబట్టి కార్యక్రమం కొట్టం ముందే జరగాలని తీర్మానించారు. బర్రెలన్నిటినీ వెనక్కి జరిపి కట్టారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి పెట్టడం ఆచారం. దాదాజీకి ఏది ఇష్టమో వెతికితే, ఏ రాష్ట్రానికి వెళితే ఆ రాష్ట్రపు వంటే తనకు ప్రాణమని ఆయన ఉపన్యాసాల్లో చెప్పి ఉన్నారు. దానితో దేశమంతా విస్తరాకుల్లోకి దిగింది. దోసె, ఢోక్లా, రొయ్యల కూర, మొక్కజొన్న రొట్టె, డబుల్ కా మీఠా, ఉస్మానియా బిస్కెట్లు, మధ్యలో పిండం, పిండం పక్కన పాలు నింపిన చారిత్రక గ్లాసు.

కాకులు వచ్చాయి. బాలరాజ్ వేసిన కేబుల్ తీగలమీదే వరుసగా కూర్చున్నాయి. కానీ ఒక్కటీ కిందికి దిగలేదు.

పిట్ట ముట్టకపోతే ఏమిటో మీకు తెలుసు. పోయిన మనిషికి తీరని కోరిక ఉందన్నమాట. ఆ కోరిక ఏదో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. సరైన మాట పడగానే పిట్ట దిగుతుంది. మామూలు ఇళ్లలో ఇది సులభం. చిన్నదాని పెళ్లి చేస్తామనో, ముసలామెను మంచిగా చూసుకుంటామనో అంటే సరిపోతుంది. జాతీయ నాయకుడి కోరికను కనిపెట్టడం ఆషామాషీ కాదు గనుక బాలరాజ్ మైకు అందుకున్నాడు.

"మహాత్మా! మీ కాంస్య విగ్రహం ప్రతిష్ఠిస్తామని ఈ వేదికమీదనుంచి మాట ఇస్తున్నాం!"

కాకి ముక్కుతో రెక్క గోక్కుంది.

విగ్రహం ఎత్తు పెంచారు. ఇంకా పెంచారు. స్టేషన్‌కు ఆయన పేరు పెడతామన్నారు. పాఠ్యపుస్తకంలో పాఠం, ఆయన జయంతికి సెలవు, వర్ధంతికి కూడా సెలవు. ఆయనకు అత్యున్నత పురస్కారం రెండోసారి ఇప్పిస్తామని ఉపాధ్యక్షుడొకరు ఆవేశంలో అన్నారు. కాకులు దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. పిట్ట ముట్టందే ఎవరూ ముద్ద ముట్టకూడదు. బిర్యానీ గుండిగల మూతలు తెరవకుండా కాపలా కాయడం కోశాధికారికి కష్టంగా ఉంది. కడుపులు మాడేకొద్దీ జనం భక్తి పెరిగింది.

"గుడి కడతాం!" అన్నాడు బాలరాజ్ చివరికి. "మీకు గుడి కట్టి నిత్య ధూప దీప నైవేద్యాలు జరిపిస్తాం!"

ఒక కాకి తీగమీదనుంచి ఎగిరి కొట్టం రేకులమీద వాలింది.

జనంలో కలకలం లేచింది. కాకి చోటు కూడా చూపించిందని ఎవరో అరిచారు. శ్రీపాద కళ్లు మూసుకుని, పాదం మోపిన చోటే ఆలయం కట్టాలని శాస్త్రంలో ఉందని చెప్పలేను, వద్దని మాత్రం లేదు అన్నారు. ఆ కొట్టం రామ్‌చందర్ తాత కట్టింది. గల్లీలో మిగిలిన ఆఖరి కొట్టం అదే. అది పోతే బర్రెలకు నీడ లేదు, బర్రెలు లేకపోతే రామ్‌చందర్‌కు బతుకు లేదు.

అతను బాలరాజ్ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. "అన్నా, మరి బర్రెలేడ ఉంటయి?"

బాలరాజ్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "చాంద్రాయణగుట్ట అవతల మస్తు జాగ ఉన్నది. ఫ్లైఓవర్ దిగినంక ఇంకొంచెం లోపలికి. మంచి గాలి, వెల్తురు. ఫికర్ చెయ్యకు."

"గంత మంచి గాలుంటే గుడి ఆడనే కట్టున్రి," అంది వెనకనుంచి రుక్మాబాయి. సంఘం దీన్ని సూచనగా స్వీకరించి పక్కన పెట్టింది.

అయినా కాకి రేకులమీదే ఉంది. మాట ఎవరు ఇచ్చినా, కర్త నోట రావాలని శ్రీపాద వివరించారు. అందరి కళ్లూ రామ్‌చందర్ మీద పడ్డాయి. కొడుకువు, చెప్పు అన్నారు కొందరు. చెప్పరాదే, పొద్దు గూకుతది అన్నారు బిర్యానీ వైపు కూర్చున్నవారు.

రామ్‌చందర్ పిండం ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. ఎదురుగా సొట్ట గ్లాసు. ఈ పూట పోసిన పాలు కూడా ఎప్పటి పాలే. గ్లాసులోకి చూస్తుంటే భుజంమీద ఆ చెయ్యి బరువు మళ్లీ తగిలినట్టయింది. గుడీ, కొట్టం, జనం, బిర్యానీ అన్నీ దూరంగా పోయాయి. అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. ముందుకు వంగి, పెదాలు కదిలీ కదలనట్టు అన్నాడు:

"బాపూ, రేపటి సంది నీళ్లు కలప. నీ మీద ఒట్టు."

కాకి రేకులమీదనుంచి తిన్నగా దిగింది. దోసె వైపు చూడలేదు, రొయ్యల వైపు చూడలేదు. పిండం ముట్టి, గ్లాసులో ముక్కు పెట్టి పాలు తాగింది.

జయజయధ్వానాలు లేచాయి. రుక్మాబాయి ఒక్కతే భర్త మొహం చూస్తూ నిలబడింది. పక్కనే ఉంది కాబట్టి ఆమెకు వినబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుణ్ని చూసి గర్వపడిన సందర్భం ఆమెకు అదొక్కటే.

బాలరాజ్ మైకు తెచ్చి రామ్‌చందర్ నోటి దగ్గర పెట్టాడు. "రామన్నా, దాదాజీ ఆత్మకు ఏ మాట ఇచ్చినవో జనానికి చెప్పు!"

రామ్‌చందర్ తలెత్తి చూశాడు. నిజం చెబితే కొట్టం దక్కుతుంది. దాదాజీ గుడి అడగలేదని పిట్టే సాక్ష్యం. ఇంతకన్నా మంచి అదను మళ్లీ రాదు. కానీ ఎదురుగా గల్లీ అంతా ఉంది. ఆ గల్లీ అంతా అతని ఖాతాదార్లే. ముందు వరసలో జహంగీర్ భాయ్, అతని హోటల్‌కు పాలు ఇక్కడివే. పక్కన శ్రీపాద, నిత్యాభిషేకానికి పాలు ఇక్కడివే. దేశంలో మరెక్కడా దొరకని పాలని ధర ఎక్కువిచ్చి కొన్నవాళ్లు. చంటిపిల్లలను ఎత్తుకొచ్చిన తల్లులు. మైకు సన్నగా కూత పెడుతోంది.

రామ్‌చందర్ ఒకసారి బర్రెల వైపు చూశాడు. ఒకసారి భార్య వైపు చూశాడు.

"గుడి కడతనని మాటిచ్చిన," అన్నాడు మైకులో.

బిర్యానీ మూతలు తెరుచుకున్నాయి.

పిట్టకిచ్చిన మాట రిజిస్టర్ కాయితం కన్నా గట్టిది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అయినా కొట్టం కూలగొట్టేలోపు రామ్‌చందర్ అసలు మాటను కూడా నిలబెట్టుకున్నాడని రాయకపోతే అన్యాయమవుతుంది. మర్నాటినుంచి అతను చుక్క నీళ్లు కలపలేదు. గల్లీలో ఆందోళన మొదలైంది. పాలు చిక్కగా ఉన్నాయని, మీగడ కడుతున్నాయని, పిల్లలకు అరగడం లేదని ఫిర్యాదులొచ్చాయి. జహంగీర్ భాయ్ స్వయంగా వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"రామ్‌చందర్ భాయ్, దూద్ మే క్యా మిలారే? చాయ్ కా రంగ్ హీ బదల్ గయా. గిరాకీ పరేషాన్ అయితున్నది."

"ఏం కలుపుతలేను, భాయ్. నీ కసమ్."

జహంగీర్ భాయ్ నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. పౌడరు కలుపుతున్నాడని ఒకరు, యూరియా అని ఒకరు అన్నారు. మూడో రోజుకు సగం ఇళ్లు ప్యాకెట్ పాలకు మారాయి. రామ్‌చందర్ నీళ్లు మళ్లీ కలిపాక గాని గల్లీకి అతనిమీద విశ్వాసం తిరిగి రాలేదు.

ఇప్పుడు అక్కడ గుడి ఉంది. గర్భగుడిలో నల్లరాతి దాదాజీ, ఆయన ముందు వెండి తొడుగు వేసిన సొట్ట గ్లాసు. రోజూ క్షీరాభిషేకం. పాలు చాంద్రాయణగుట్ట అవతలనుంచి రామ్‌చందర్ తెస్తాడు. దూరం పెరిగింది, ఖర్చు పెరిగింది, దానికి తగ్గట్టు నీళ్లూ పెరిగాయి. ఆ అభిషేకం పాలు గొట్టంలోంచి వెళ్లి మోరీలో కలుస్తాయి. మోరీకి ఇప్పటికీ మూత లేదు. ఫ్లెక్సీ మాత్రం ఏటా మారుస్తున్నారు.

ఏటా వర్ధంతినాడు పిట్టకు పెడతారు. పిట్ట ముట్టదు. మొదటి ఏడు ముట్టకపోతే స్వామికి గుడి చిన్నదైందని గ్రహించి గోపురం లేపారు. రెండో ఏడు ముట్టకపోతే బంగారు కలశం, మొన్న ముట్టకపోతే పైన ఇంకో అంతస్తు. పిండం ముందు రామ్‌చందర్ గుండుతో తల వంచుకుని కూర్చుంటాడు. మైకు పట్టుకున్న బాలరాజ్ చూపు ప్రతిసారీ ఎందుకో మోరీ వైపు పోయి వెంటనే తిరిగొస్తుంది. జనంలో ఇంకా చాలామంది ఆ సమయానికి కాళ్ల వేళ్లు చూసుకుంటారు. దాదాజీ ఆ రోజు గల్లీలో చాలామంది భుజంమీద చెయ్యి వేశారు మరి. కాకి మాత్రం కేకలన్నీ తీగమీదనుంచి విని, దాహమేసి, జహంగీర్ భాయ్ కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగుతుంది.

మీరు అటు వెళితే తప్పక దర్శనం చేసుకోండి. మీ ఊళ్లోనూ ఆయన నడిచే ఉంటారు, మీ భుజంమీదా చెయ్యి వేసే ఉంటారు. ఆ విగ్రహం ముందు నిలబడ్డప్పుడు ఆయన మీతో అన్న మాట గుర్తొస్తే, కాస్త జాగ్రత్త. మైకు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, చుట్టూ అంతా మనవాళ్లే ఉంటారు. ఇంకో అంతస్తు కడతామని చెప్పి వచ్చేయండి.